బ్రెన్నా పేరు పక్కన సున్నా

మా టెన్ హేవెన్‌లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి జనం ఎందుకు ఎగబడతారని అడిగితే కాలేజీ మీద అభిమానం అంటారు. అది సగం నిజం. మిగతా సగం యాన్‌స్మా బేకరీ. మొదట కోర్టులో దిగిన ఐదుగురు అమ్మాయిలూ తలా ఒక్కసారైనా బంతిని బుట్టలో వేస్తే, సోమవారం పొద్దున టికెట్టు ముక్క చూపించినవాళ్లందరికీ ఒక బాదం రొట్టె ఊరికే ఇస్తారు. పాములా మెలితిరిగిన రొట్టె, లోపల బాదం ముద్ద, పైన పంచదార పలుకులు. రెండు డాలర్లు పెడితే ఎప్పుడైనా దొరుకుతుంది. అయినా ఊరికే వచ్చేదాని రుచి వేరు. మా అయోవా రాష్ట్రం వాయవ్య మూల డచ్చివాళ్ల పిసినారితనం సంగతి తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

నలుగురు ప్రతి మ్యాచ్‌లోనూ వేసేవారు. ఇబ్బందల్లా ఐదో అమ్మాయితోనే. పేరు బ్రెన్నా హోక్‌స్ట్రా, జెర్సీ నంబరు నలభై నాలుగు, ఆరడుగుల మూడంగుళాల సెంటర్. సెంటర్ అంటే జట్టులో అందరికంటే పొడుగ్గా ఉండి, బుట్ట కిందే కాపురం పెట్టే మనిషి. అంత దగ్గరున్న మనిషి వేయకపోతే ఇంకెవరు వేస్తారు? బ్రెన్నా ఆడిన నాలుగేళ్లలో ఊరంతా రొట్టె తిన్నది పదకొండుసార్లు.

ఈ లెక్క నాకెలా తెలుసంటే, లెక్క రాసేదాన్ని నేనే. నా పేరు ఆర్లిస్ కైపర్. మామూలు రోజుల్లో కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దుతాను. మ్యాచ్ రోజు కోర్టు పక్కన బల్ల దగ్గర కూర్చుని ఎవరు వేశారు, ఎవరు తప్పారు, ఎవరు అందించారు, తిరిగొచ్చిన బంతిని ఎవరు పట్టారు అన్నీ గళ్లలో నింపుతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నా గడిలో పడనిది కోర్టులో జరగలేదని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు చేసిన నిర్వాకమే ఇప్పుడు చెప్పబోతున్నాను.

బ్రెన్నాది ఊరికి తొమ్మిది మైళ్ల దూరంలో పాడి పశువుల ఇల్లు. నూట ఇరవై ఆవులు. చీకటితో లేచి తండ్రి వెండెల్‌తో కలిసి పాలు పితికి, బూట్లు మార్చుకుని క్లాసుకి వచ్చేది. పశువుల డాక్టరు కావాలని చదువు. ఏ గుమ్మంలోకి వచ్చినా ముందు తల వంచేది. వంచక్కర్లేని మా లైబ్రరీ గుమ్మంలో కూడా వంచేది. ఒకసారి మా చర్చివాళ్లం వాళ్ల పశువులశాల చూడ్డానికి వెళ్లాం. ఒక బండ ఆవు దారికి అడ్డంగా నిలబడి కదలనంటోంది. నేను ఛీ ఛీ అంటూ దాన్ని తోశాను. అది నా వంక జాలిగా చూసింది.

“తోస్తే అది కూడా మిమ్మల్ని తోస్తుందండీ,” అంది బ్రెన్నా. వెళ్లి దాని పక్కన తుంటి ఆనించి, ఊరికే నిలబడింది. ఎవరితోనో పాలధర గురించి మాట్లాడుతూనే ఉంది. కాసేపటికి ఆ ఆవు, జరగాలన్న ఆలోచన తనకే వచ్చినట్టు, పక్కకి జరిగి వెళ్లిపోయింది. నేను నవ్వుకున్నాను. నవ్వుకుని మర్చిపోయాను.

బుట్టలో వేయడం ఆ పిల్లకి రాదు. ప్రయత్నం లేక కాదు. లైబ్రరీ తలుపు తీసే వేళకి పక్కనున్న ఖాళీ జిమ్‌లోంచి ధబ్, ధబ్ మని చప్పుడు. రోజుకి వంద వేసేది.

“ఇవాళ ఎన్ని పడ్డాయే?” అని అడిగేదాన్ని.

“ముప్ఫై ఒకటండీ. నిన్న ఇరవై తొమ్మిదే.”

“ఈ లెక్కన నీకు పెళ్లై మనవలు పుట్టేసరికి యాభై దాటుతావు.”

“అప్పటికి ఆ మనవలు వేస్తారులెండి,” అని తల వంచుకుని పోయేది.

మ్యాచ్‌లో బంతి చేతికొస్తే చాలు, పై మెట్ల మీంచి కింద దాకా ఒకటే కేక, “వెయ్యి తల్లీ, వెయ్యి.” తను వెంటనే పక్కవాళ్లకి అందించేది. ఊరంతా ఒకేసారి ఉసూరుమనేది. చర్చి మెట్ల దగ్గర ముసలమ్మలు చెయ్యి పట్టుకుని అడిగేవారు, “నా రొట్టె సంగతి ఏం చేశావే పిల్లా?” తను సిగ్గుపడి, “వచ్చే శనివారం చూద్దాం బామ్మా,” అనేది.

ముసలమ్మలది రొట్టె బాధ. నాది శాస్త్రం. బుట్ట వేయని సెంటర్ అంటే దొంగలు భయపడక్కర్లేని ఇల్లు. ఎదుటి జట్టువాళ్లు ఆమెని కాపలా కాయడం మానేసి, ఆ మనిషిని కూడా తెచ్చి బాగా వేసే మన అమ్మాయి మీద పెడతారు. అప్పుడు మనం నలుగురం, వాళ్లు ఐదుగురు. ఈ సిద్ధాంతం నేను బల్ల దగ్గర గడియారం నడిపే డ్వైట్‌కి చెప్పాను, కూరగాయల దుకాణంలో చెప్పాను, పళ్ల డాక్టరు నా నోట్లో చెయ్యి పెట్టి ఉండగా కూడా చెప్పబోయాను.

“నీకు వింటానికి ఎవరూ దొరకట్లేదా ఆర్లిస్?” అన్నాడు డ్వైట్.

దొరికాడు. ఆ ఏడాదే కొత్తగా వచ్చిన కోచ్ రయన్ బోస్మా. ఇరవై తొమ్మిదేళ్లు, మంచివాడు, ఎవరేం చెప్పినా నిజమేనేమో అనుకునే వయసు. జనవరిలో ఆయన అడక్కుండానే నేను ఒక కాగితం టైపు చేసి చేతిలో పెట్టాను. మ్యాచ్‌కి బ్రెన్నా వేసేది సగటున రెండు పాయింట్ల లోపు. అదే స్థానంలో ఆడగల మొదటి ఏడాది పిల్ల కీలీ వాన్ ఎస్, బెంచీ మీంచి లేచొచ్చి కూడా పది వేస్తోంది. కింద నా సంతకం పెట్టలేదు. సైన్సుకి సంతకం దేనికి అనుకున్నాను.

ఫిబ్రవరిలో లోగన్ ఫాల్స్ కాలేజీలో మ్యాచ్ పడింది. జట్టు బస్సులో నేనూ వెళ్లాను. అక్కడ లెక్క రాసే వర్జిల్ టెస్కే రిటైరైన పోస్ట్‌మ్యాన్, డెబ్భై దాటినవాడు, నోట్లో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు. బల్ల దగ్గర మా ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. మొదటి సగం అయ్యాక నా కాగితం మీదికి వంగి చూశాడు.

“మీ నలభై నాలుగు పిల్లకి ఏ గడి కేటాయించావు ఆర్లిస్?”

“గడి దేనికి? సున్నా వేసిందిగా.”

“ఓసి పిచ్చిదానా,” అన్నాడు. గింజ పొట్టు ఊశాడు. “మా కోచమ్మ వారం రోజులుగా బోర్డు మీద ఒకే ఒక్క పిల్లని గీస్తోంది. మీ జట్టులో బోలెడు వేసే, గుర్రం తోకలా జడ కట్టిన ఆ పిల్లని కాదు. దీన్ని. దీని చుట్టూ ఎలా వెళ్లాలి, దీన్ని ఎలా కదపాలి. మీకు దీని విలువ తెలియదా, లేకపోతే మా దగ్గర నటిస్తున్నారా?”

నటిస్తున్నామని చెప్పాలనిపించింది.

“ఒక పని చెయ్యి. రెండో సగంలో బంతి వైపు చూడకు. నీ గళ్లు కూడా నేనే నింపిపెడతా. ఆ పిల్లని మటుకే చూడు.”

ఇరవై రెండేళ్లు బంతి వెంట తిరిగిన కళ్లు అవి. పొయ్యి మీద పాలు పొంగుతుంటే అటు చూడకు అన్నట్టుంది నాకు. మొదటి రెండు నిమిషాలూ మెడ దానంతటదే తిరిగిపోయింది. వర్జిల్ మోచేత్తో పొడిచాడు. అప్పుడు నలభై నాలుగో నంబరు మీద చూపు ఆపాను.

ముందు వినబడింది. ఆ పిల్ల మాట్లాడుతోంది. మ్యాచ్ పొడుగునా, పెద్దగా కాదు, పశువులకి చెప్పే గొంతుతో, “ఎడమ, ఎడమ. నీ వెనకాల. నేనున్నా, నువ్వెళ్లు.” మిగతా నలుగురు తల తిప్పకుండానే తిరుగుతున్నారు, వీపు మీద కళ్లున్నట్టు. నాలుగేళ్లు ఇరవై అడుగుల దూరంలో కూర్చుని నేను ఆ గొంతు వినలేదు.

తర్వాత కనబడింది. నా సిద్ధాంతం నిజమే. ఎదుటివాళ్లు బ్రెన్నాని వదిలేసి రెండడుగులు వెనక్కి నిలబడ్డారు. బ్రెన్నా చేసేదేమిటంటే, వాళ్లు వదిలిన ఆ రెండడుగుల ఖాళీని తీసుకెళ్లి తన జట్టు పిల్లల చేతిలో పెట్టేది. గుర్రం జడ పిల్ల దగ్గరికి నడిచి వెళ్లి పక్కన నిలబడేది. అంతే. గుర్రం జడ పిల్ల బ్రెన్నాని రాసుకుంటూ చుట్టు తిరిగేది. వెంటపడే కాపలా పిల్ల వచ్చి బ్రెన్నాకి తగిలి ఆగిపోయేది. సాయం రావలసిన రెండో మనిషి, బ్రెన్నాని కాయాల్సి ఉండీ వదిలేసిన మనిషి, రెండడుగులు దూరంలో ఉండిపోయేది. ఆ ఒక్క ఊపిరి చాలు, బంతి పడేది. జనం గుర్రం జడని చూసి కేకలు వేసేవారు. నేనూ ఇన్నాళ్లూ ఆమె పేరు పక్కనే రెండు రాసేదాన్ని. ఆ బంతికి దారి చేసిన మనిషి అప్పటికే వెనక్కి తిరిగి, అందరికంటే ముందు అవతలి బుట్ట వైపు పరుగు తీస్తూ ఉండేది.

అక్కడ టాలియా బ్రాంట్ ఉండేది. లోగన్ ఫాల్స్ సెంటర్, మ్యాచ్‌కి ఇరవై రెండు వేసే పిల్ల, బండలాంటిది. బ్రెన్నా ఆమెని తోయలేదు. ఎగరలేదు. తుంటి ఆనించి నిలబడింది. టాలియాకి ఇష్టమైన చోటు బుట్టకి నాలుగడుగుల్లో ఉంది. కాసేపటికి ఆమె ఏడడుగుల్లో నిలబడి ఉంది. కాసేపటికి తొమ్మిది. తనని ఎవరూ తోయలేదు కాబట్టి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆ పిల్లకి తెలియలేదు.

నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నేను తేలిగ్గా చలించే మనిషిని కాను. నా పెళ్లిలో కూడా టెంటు తాళ్లు సరిగ్గా కట్టారా లేదా అని చూసుకుంటూ నిలబడ్డాను. ప్రోగ్రాం కాగితం వెనక గీతలు పెట్టాను. ఆ సగంలో మావాళ్లు పద్నాలుగుసార్లు బుట్టలో వేస్తే, తొమ్మిదింటికి దారి బ్రెన్నా ఒళ్లే. టాలియా మొత్తం మీద తొమ్మిది పాయింట్ల దగ్గర ఆగిపోయింది. నాలుగు పాయింట్లతో గెలిచాం. అధికారిక లెక్కలో హోక్‌స్ట్రా, సున్నా.

“చూశావా?” అన్నాడు వర్జిల్, పెన్సిల్ తిరిగిస్తూ.

“చూశాను.”

“ఎవరికీ చెప్పకు. మా మీదే గెలుస్తారు మళ్లీ.”

చెప్పకుండా ఉండటం నాకు చేతకాదని ఊరంతా అంటుంది. కానీ ఈ ఒక్కటి నిజంగానే చెప్పలేకపోయాను. జనవరి కాగితం అడ్డం పడింది. ఇన్ని చోట్ల ఇంత గట్టిగా వాగిన మనిషి వెళ్లి, “బోస్మా గారూ, నేను గుడ్డిదాన్ని,” అని ఎలా అంటుంది? రేపు చెబుదాం అనుకుంటూ పది రోజులు గడిపాను. ఈలోగా లీగ్ ఫైనల్ వచ్చింది. మా జిమ్‌లోనే, శనివారం మధ్యాహ్నం రెండింటికి, మళ్లీ అదే లోగన్ ఫాల్స్‌తో. ఓడితే ఆ ఏడాదికి ఆట సమాప్తం. నాలుగో ఏడాది పిల్ల బ్రెన్నాకి జన్మకే సమాప్తం.

శుక్రవారం కోచ్ జట్టు ప్రకటించాడు. సెంటర్‌గా కీలీ దిగుతుంది. బ్రెన్నా బెంచీ మీద.

ఆ సాయంత్రం బ్రెన్నా పశువుల గిట్టల జబ్బుల పుస్తకం తిరిగివ్వడానికి లైబ్రరీకి వచ్చింది. గుమ్మంలో తల వంచింది.

“విన్నానే,” అన్నాను. “బాధగా లేదూ?”

“ఉందండీ. పొద్దున పాలు పితుకుతూ ఏడ్చాను. ఆవులు ఏమీ అనుకోవుగా.”

“కోచ్‌ని అడగలేదా?”

“ఏమని అడగను? ఆయన దగ్గరేదో కాగితం ఉంది. ఎవరో టైపు చేసి ఇచ్చారట. అందులో ఉన్నదంతా నిజమే. నాకు వేయడం రాదు.” పుస్తకం నా ముందు పెట్టి అంది, “నాన్న రేపటికి పాలు పితకడానికి మనిషిని కూడా మాట్లాడుకున్నాడు, మొదటి నుంచి చూడాలని. ఆయనకి ఇంకా చెప్పలేదు.”

నేను పుస్తకం మీద ముద్ర తలకిందులుగా కొట్టాను. ఆ పుస్తకం ఇప్పటికీ మా షెల్ఫులో అలాగే ఉంది.

శనివారం జిమ్ కిక్కిరిసింది. గాలంతా మొక్కజొన్న పేలాల వాసన, తరిగిన మాంసం శాండ్‌విచ్‌ల వాసన. వర్జిల్ నా పక్కన కూర్చుని బెంచీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“ఆ పిల్లకి ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది.”

“మరి మీవాళ్లకి బాలేదా?”

ఆట మొదలైన రెండో నిమిషంలో కీలీ వేసింది. అప్పటికి ముగ్గురు వేశారు. ఇంకో రెండు నిమిషాలకి ఐదుగురూ అయ్యారు. జిమ్ పైకప్పు లేచిపోయేలా కేక. రొట్టె ఖాయం. మూడో వరసలో ఒక ముసలమ్మ పక్కావిడని కావలించుకుంది. వెండెల్ హోక్‌స్ట్రా ఒక్కడే, శుభ్రమైన చొక్కా వేసుకుని, మోకాళ్ల మీద టోపీ పెట్టుకుని, బెంచీ చివర కూర్చున్న కూతురి వీపు వంక చూస్తున్నాడు.

ఆ తర్వాత టాలియా మొదలెట్టింది. తనకి ఇష్టమైన ఆ నాలుగడుగుల చోట ఎవరూ ఆనుకోలేదు. పాపం కీలీ తోసింది, తోస్తే తిరిగి తోయించుకుంది. అటు గుర్రం జడ పిల్ల మీద ఇద్దరిద్దరు పడ్డారు; దారి చేసే ఒళ్లు లేదు. నా గళ్లన్నీ లోగన్ ఫాల్స్ వైపే నిండాయి. మొదటి సగం అయ్యేసరికి మేం ఇరవై నాలుగు, వాళ్లు ముప్ఫై ఏడు. అందులో పంతొమ్మిది టాలియావే. రొట్టె దక్కిన జనం టికెట్టు ముక్కలు నలుపుకుంటూ కూర్చున్నారు.

విరామంలో లెక్కల కాగితం కోచ్ గదికి చేర్చడం నా పనే. తలుపు కింద నుంచి లోపలికి తోసి వచ్చేస్తాను ఎప్పుడూ. ఆ రోజు తలుపు తట్టాను. బోస్మా ముఖం సున్నం కొట్టినట్టుంది. లెక్కల కాగితంతో పాటు, పది రోజులుగా హ్యాండ్‌బ్యాగులో నలిగిన ప్రోగ్రాం కాగితం కూడా ఇచ్చాను.

“ఏంటిది ఆర్లిస్ గారూ?”

“బంతి లేని లెక్క. పోయినసారి వీళ్లతోనే ఆడినప్పుడు బ్రెన్నా రెండో సగంలో చేసినవి. అడ్డంగా గీతలున్నవి మనం వేసినవి. పక్కన చుక్క ఉన్నవాటికి దారి చేసింది ఆ పిల్ల.”

చుక్కలు లెక్కపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి.

“మరి జనవరిలో ఇచ్చింది?”

“అది చింపెయ్యండి. అది రాసినామెకి కోర్టు సగమే కనబడేది.”

“అందులో తప్పేం లేదన్నారు అప్పుడు.”

“తప్పు లేదు బాబూ. ప్రతి అంకే నిజం. అందుకే అంత అన్యాయం జరిగింది. మీకు కోపం వస్తే మ్యాచ్ అయ్యాక నన్ను తిట్టండి. ఇప్పుడు టైం తక్కువుంది.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను తిరిగి బల్ల దగ్గరికి వచ్చి కూర్చునేసరికి, అమ్మాయిలు కోర్టులోకి వస్తున్నారు. ఆఖరున, లేని గుమ్మానికి తల వంచుతూ, నలభై నాలుగు.

“ఓరి దేవుడా,” అన్నాడు వర్జిల్ మెల్లిగా.

రెండో సగం నేను గళ్లు నింపాను కానీ, చెప్పాలంటే చెయ్యి రాసింది, కళ్లు వేరే చోట ఉన్నాయి. టాలియా నాలుగడుగుల నుంచి ఆరుకి, ఆరు నుంచి తొమ్మిదికి జరిగింది. గుర్రం జడ పిల్ల దారుల్లోంచి దారుల్లోకి తిరిగింది. కోచ్ కీలీని ఇంకో చోట దింపాడు. “నేనున్నా, నువ్వెళ్లు,” అన్న గొంతు విని ఆ చిన్నపిల్ల కూడా వెళ్లడం మొదలెట్టింది. పదమూడు పాయింట్ల తేడా పదయింది, ఆరయింది, రెండయింది. జనం ఇంకా బంతినే చూస్తున్నారు. వాళ్లని ఏమనగలను? వెండెల్ మటుకు లేచి నిలబడి ఉన్నాడు, టోపీ ఎక్కడో కింద పడిపోయింది.

ఇంకా ఏడు సెకన్లు మిగిలాయి. మేం అరవై ఒకటి, వాళ్లు అరవై. బంతి టాలియాకి ఇచ్చారు. జిమ్‌లో రెండు వేలమంది ఊపిరి బిగబట్టారు. టాలియా తిరిగింది, తొమ్మిదడుగుల నుంచి, ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ వేసింది. బంతి బుట్ట అంచు తాకి నిట్టనిలువునా లేచింది.

నా కళ్లు బంతి వెంట వెళ్లలేదు. బ్రెన్నా కూడా బంతి వైపు చూడలేదు. బుట్ట వైపు తిరిగి, వీపు టాలియాకి ఆనించి, ఎడమ చెయ్యి చాపి ఇంకో పిల్లని ఆపి, మోకాళ్లు వంచి నిలబడిపోయింది. ఎగిరితే అందేదే. ఎగిరితే వెనకున్న ఇద్దరూ జారి వచ్చేవారు కూడా. ఆమె “ఆపండి, ఆపండి” అంటోంది ఆ పశువుల గొంతుతో, మిగతా నలుగురూ తమ తమ మనుషులకి వీపులు ఆనించారు. బుట్ట కింద నున్నటి చెక్క నేల మీద పెద్ద పళ్లెమంత ఖాళీ ఏర్పడింది. పదిమంది అమ్మాయిలు దాని చుట్టూ ఒగరుస్తున్నారు, ఒక్క కాలు కూడా లోపలికి రావడం లేదు. బంతి దిగొచ్చి ఆ ఖాళీలో పడింది. ఒకసారి ఎగిరింది. ఎవరూ ముట్టలేదు. రెండోసారి, తక్కువ ఎత్తుకి ఎగిరింది. ఆట ముగిసినట్టు డ్వైట్ గడియారం మోగింది.

ఎవరి చేతికీ చిక్కని బంతిని ఏ అమ్మాయి పేరునా రాయకూడదు. అది రూలు. మా బల్లకి ఇంకో రూలు కూడా ఉంది; ఇక్కడ కూర్చున్నవాళ్లు ఏ జట్టుకీ చప్పట్లు కొట్టకూడదు, కేక వేయకూడదు. ఇరవై రెండేళ్లలో నేను దగ్గు కూడా చేతి రుమాలులోనే దగ్గాను. డ్వైట్ నా స్వెట్టరు అంచు పట్టుకుని లాగుతున్నాడు.

“కూర్చో ఆర్లిస్. రిఫరీ చూస్తున్నాడు. ఆర్లిస్, కూర్చో.”

నేను బల్ల ముందు కాదు, బల్ల మీద నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసింది.